గ్రహాలు గుండ్రంగా ఎందుకున్నాయి? తెలుగు నేల మీదుగా సాగిన ఒక కొలత చరిత్ర

చీరాల పక్కన ఉన్న ఈపురుపాలెం నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. వాడరేవు ఒడ్డున నిలబడి వేటకు వెళ్లే పడవను చూసినవారికి ఒక విషయం తెలుసు. పడవ దూరమవుతున్నకొద్దీ చిన్నదవుతుంది. కొంతసేపటికి దాని అడుగుభాగం నీటి వెనక దాగిపోయి, పైభాగం మాత్రమే కనిపిస్తుంది, ఆ తరువాత అదీ మాయమవుతుంది. కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే, ఒడ్డున నిలబడినవారికి సముద్రపు అంచు సుమారు 4.5 కి.మీ. దూరంలో ఉంటుంది. పడవ నుంచి తిరిగివచ్చే మనిషికి ఇదే సంగతి తలకిందులుగా జరుగుతుంది. 20 మీటర్ల తాటిచెట్టు తల 20 కి.మీ. దూరం నుంచే కనబడటం మొదలవుతుంది, దాని మొదలు, కింది ఇసుక చివరన కనిపిస్తాయి. గాలిలో వెలుగు కొద్దిగా వంగుతుంది కాబట్టి ఈ అంకెలు రోజును బట్టి కాస్త మారుతాయి.

భూమి గుండ్రంగా ఉందనడానికి ఈ నిదర్శనం చాలు. ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న మాత్రం వేరు. భూమి గుండ్రంగా ఎందుకుంది? ఎంత గుండ్రంగా ఉంది? మొదటి ప్రశ్నకు జవాబు రెండో ప్రశ్నను వెంబడించి వెళ్లిన మనుషుల వల్ల దొరికింది. వారిలో కొందరు గుత్తి కొండల మీదుగా, కృష్ణా గోదావరుల నడుమ అడవుల మీదుగా నడిచారు. అందుకే ఖగోళశాస్త్ర విషయంలా కనిపించే దీన్ని చరిత్ర పాఠంగా చదువుతున్నాం.

తాటిచెట్టు వాదం

ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో భూమిని గోళంగానే చెప్పాడు. కడిమి పూవు బంతి చుట్టూ కేసరాలు అన్ని వైపులకూ నిలిచినట్టు, భూగోళం చుట్టూ జీవులు అన్ని వైపులా ఉన్నాయన్నది ఆయన పోలిక. భూమి వ్యాసం 1,050 యోజనాలని లెక్క కూడా ఇచ్చాడు. యోజనం అంటే ఎంత అన్నదానిపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. అందుచేత ఆ అంకెను కిలోమీటర్లలోకి మార్చి, నేటి అంకెతో సరిపోయిందని చెప్పే రాతలను మీరు కొంచెం జాగ్రత్తగా చదవాలి.

8వ శతాబ్దికి చెందిన లల్లుడు మరో అడుగు ముందుకు వేశాడు. భూమి బల్లపరుపుగా ఉంటే తాటిచెట్టంత ఎత్తున్న చెట్లు కూడా దూరాన ఉన్నప్పుడు ఎందుకు కనబడవు అని ఆయన తన శిష్యధీవృద్ధిద తంత్రంలో ప్రశ్నించాడు. కోస్తా తెలుగువారికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. ఈ గ్రంథానికి 12వ శతాబ్దిలో వ్యాఖ్యానం రాసిన మల్లికార్జున సూరి తెలుగు దేశానికి చెందినవాడు. సూర్యసిద్ధాంతానికి ఆయన తెలుగులో కూడా వ్యాఖ్య రచించాడు. శాస్త్రాన్ని తెలుగులో చెప్పే ప్రయత్నం నిన్నమొన్నటిది కాదనడానికి దీన్ని గుర్తుంచుకోండి.

1150లో సిద్ధాంత శిరోమణి రచించిన రెండవ భాస్కరుడు రెండు మంచి మాటలు చెప్పాడు. వృత్తం చుట్టుకొలతలో నూరో వంతును విడిగా చూస్తే తిన్నగా కనిపిస్తుంది, మనిషి భూమి ముందు చాలా చిన్నవాడు కాబట్టి అతనికి నేల చదునుగా తోస్తుంది అన్నది మొదటిది. భూమికి ఆకర్షణ శక్తి ఉంది, బరువైన వస్తువులను అది తనవైపు లాక్కుంటుంది, అదే మనకు పడటంగా కనిపిస్తుంది అన్నది రెండోది. అయితే ఈ రెండు మాటలనూ కలిపి, లాగే శక్తి ఉంది కాబట్టే భూమి గుండ్రంగా ఉంది అన్న వాదాన్ని ఆయన నిర్మించలేదు. మన ప్రాచీనులకు అన్నీ తెలుసు అనేవారూ, ఏమీ తెలియదు అనేవారూ ఇద్దరూ దాటవేసే చోటు ఇదే. ఆకారం తెలిసింది, ఆకర్షణ తెలిసింది, రెంటి మధ్య కారణ సంబంధం ఇంకా ఏర్పడలేదు.

రాయి కూడా లొంగుతుంది

ఆ సంబంధాన్ని ముందుగా నేటి శాస్త్రం చెప్పే తీరులో చూద్దాం, తరువాత మళ్లీ చరిత్రలోకి వద్దాం.

ఇటుకలను ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోతే, ఒక ఎత్తు దాటాక అడుగున ఉన్న ఇటుక పైబరువుకు నలిగిపోతుంది. కొండకూ ఇదే నియమం. ఒక ఘనమీటరు గ్రానైటు బరువు దాదాపు 2,700 కిలోలు. గట్టి రాయి సుమారుగా 2,000 వాతావరణ పీడనాల ఒత్తిడిని తట్టుకుంటుందనుకుని లెక్క వేస్తే, భూమి మీద రాతి స్తంభం 7 లేదా 8 కి.మీ. ఎత్తు దాటితే అడుగు నలుగుతుంది. ఇది స్థూలమైన లెక్కే. అయినా ఎవరెస్ట్ శిఖరం ఎత్తు 8,849 మీటర్లన్నది గమనించండి, లెక్క ఎంత దగ్గరకు వచ్చిందో తెలుస్తుంది.

ఇప్పుడు ఆకర్షణను తగ్గించి చూడండి. అంగారకుడి మీద ఆకర్షణ భూమి మీదున్న దానిలో 38 శాతం మాత్రమే. కాబట్టి అక్కడ కొండ రెండున్నర రెట్లు ఎత్తు పెరగవచ్చు. అక్కడి ఒలింపస్ మోన్స్ అగ్నిపర్వతం ఎత్తు సుమారు 22 కి.మీ. గ్రహం ఇంకా చిన్నదైతే ఆకర్షణ ఇంకా తగ్గుతుంది, కొండ ఇంకా పెరుగుతుంది. ఒకచోట కొండ ఎత్తు ఆ వస్తువు వ్యాసార్ధంతో సమానమవుతుంది. అక్కడ కొండకూ గ్రహానికీ తేడా లేదు, అది ఏ ఆకారంలోనైనా ఉండగలదు. రాతి వస్తువులకు ఈ హద్దు దాదాపు 300 కి.మీ. వ్యాసార్ధం దగ్గర వస్తుందని పై అంకెలతోనే లెక్కగట్టవచ్చు. మంచుతో కూడినవాటికి హద్దు ఇంకా తక్కువ, ఎందుకంటే మంచు రాయికన్నా తేలిగ్గా లొంగుతుంది. శని ఉపగ్రహం మైమాస్ వ్యాసం 400 కి.మీ. లోపే ఉన్నా గుండ్రంగా ఉంది. అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్ వ్యాసం సగటున 22 కి.మీ., దాని రూపం బంగాళాదుంపను గుర్తుచేస్తుంది. 940 కి.మీ. వ్యాసమున్న సెరెస్ గుండ్రంగా ఉంది. 2006 ఆగస్టులో ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహానికి నిర్వచనం ఇచ్చినప్పుడు, తన ఆకర్షణ వల్లనే దాదాపు గుండ్రని రూపం పొందడాన్ని ఒక షరతుగా పెట్టడానికి కారణం ఇదే.

మరి గుండ్రమే ఎందుకు? ఆకర్షణ అన్నివైపుల నుంచీ కేంద్రంవైపే లాగుతుంది. ఎత్తుగా ఉన్న పదార్థం పల్లంలోకి జారే వీలున్నంతవరకూ జారుతుంది. అన్ని దిక్కులా కేంద్రం నుంచి దూరం సమానమయ్యాక జారడానికి పల్లం మిగలదు. గ్రహాలు పుట్టిన తొలినాళ్లలో ఎక్కువ భాగం కరిగి ఉండటం వల్ల ఇది సులువుగా జరిగింది. గట్టిపడిన తరువాత కూడా, లోపలి రాయి కోట్ల సంవత్సరాల కాలంలో మెల్లగా పారుతుంది. ఇక్కడ పరీక్షల్లో తరచూ కనిపించే ఒక పొరపాటును చెప్పాలి. వానచుక్క గుండ్రంగా ఉండటానికి కారణం నీటి తలతన్యత, గ్రహం గుండ్రంగా ఉండటానికి కారణం ఆకర్షణ. రూపం ఒకటే అయినా రెండూ వేర్వేరు సంగతులు.

గడియారం వెనకబడింది

1672లో ఫ్రెంచి శాస్త్రవేత్త రిషే దక్షిణ అమెరికాలోని కయేన్‌కు వెళ్లాడు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఆ ఊళ్లో, పారిస్‌లో సరిచేసి తెచ్చిన లోలకపు గడియారం రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని దాదాపు 2.8 మిల్లీమీటర్లు పొట్టి చేస్తే తప్ప అది సరిగా నడవలేదు. అంటే కయేన్‌లో ఆకర్షణ పారిస్‌లో కన్నా కొంచెం తక్కువ.

న్యూటన్ 1687లో దీనికి కారణం చెప్పాడు. భూమి తిరుగుతోంది. భూమధ్యరేఖ దగ్గర నేల అన్నిటికన్నా వేగంగా కదులుతుంది. (ఈపురుపాలెం సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మీరు అక్కడ కదలకుండా కూర్చున్నా గంటకు 1,600 కి.మీ. పైచిలుకు వేగంతో తూర్పుకు పోతూనే ఉంటారు.) ధ్రువం నుంచి ఒకటి, భూమధ్యరేఖ నుంచి ఒకటి, భూకేంద్రం దాకా రెండు నీటి బావులు తవ్వి అడుగున కలిపామని ఊహించమన్నాడు ఆయన. తిరుగుడు వల్ల భూమధ్యరేఖ బావిలోని నీరు కొంత తేలికవుతుంది. రెండూ తూగాలంటే ఆ బావిలో నీరు ఎక్కువ ఎత్తుండాలి. కాబట్టి భూమి నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగి ఉండాలి. అణిగిన పాలు 230లో ఒక వంతని ఆయన లెక్క. 1690లో హైగెన్స్ మరో పద్ధతిలో 578లో ఒక వంతన్నాడు. పారిస్‌లో కాసినీ వంశీకులు మాత్రం ఫ్రాన్సులో తీసిన కొలతలను చూపి, భూమి ధ్రువాలవైపు సాగి ఉందని వాదించారు. ఒకరికి నారింజ, మరొకరికి నిమ్మకాయ.

ఈ తగవు తీర్చే దారి ఒకటే. ఉత్తర దక్షిణంగా ఒక డిగ్రీ అక్షాంశం మారడానికి నేల మీద ఎంత దూరం పోవాలో వేర్వేరు చోట్ల కొలవాలి. నేల ఎక్కువ వంపుగా ఉన్నచోట కొద్ది దూరంలోనే డిగ్రీ పూర్తవుతుంది, అణిగి ఉన్నచోట ఎక్కువ దూరం పోవాలి. ఫ్రెంచివారు 1735లో పెరూ వైపు ఒక బృందాన్ని, 1736లో లాప్‌లాండుకు మోపెర్ట్యూయి నాయకత్వంలో మరో బృందాన్ని పంపారు. ఉత్తరాన డిగ్రీ పొడవు ఎక్కువని తేలింది. నారింజే గెలిచింది. కానీ ఎంత అణిగి ఉంది అన్న అంకె కుదరలేదు. దానికి ఉష్ణమండలంలో పొడవైన, నమ్మదగిన కొలత కావాలి.

లాంబ్టన్ గొలుసు

మద్రాసులో ఈస్టిండియా కంపెనీ 1792లో ఖగోళ వేధశాలను నెలకొల్పింది. అక్కడి గ్రానైటు స్తంభం మీద చెక్కిన శాసనంలో తెలుగు కూడా ఉంది. వేధశాల తొలి బాధ్యుడు మైకేల్ టాపింగ్ 1794లో సర్వే బడిని పెట్టించాడు, 1796లో మచిలీపట్నంలో మరణించాడు. కంపెనీకి ఇవన్నీ ఓడలకు, పన్నులకు, యుద్ధాలకు పనికివచ్చే పనులు. 1799 మైసూరు యుద్ధం తరువాత సైనికాధికారి విలియం లాంబ్టన్ వేసిన పథకంలో పటాలతోపాటు మరో ఉద్దేశం ఉంది. భూమి ఆకారాన్ని తేల్చాలన్నది ఆయన కోరిక. పటం పేరుతో డబ్బు మంజూరైంది, దాని నీడలో శాస్త్రం కూడా నడిచింది. సామ్రాజ్యానికీ శాస్త్రానికీ ఉన్న సంబంధాన్ని మీరు ఈ కోర్సులో మరికొన్ని చోట్ల చూస్తారు, ఇంత స్పష్టంగా కనిపించే ఉదాహరణ మాత్రం అరుదు.

1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ తన మొదటి ఆధార రేఖను కొలవడం మొదలుపెట్టాడు. పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. కొలిచింది నూరడుగుల ఉక్కు గొలుసుతో. అది చైనా చక్రవర్తికి బ్రిటిషువారు కానుకగా తీసుకుపోగా ఆయన వద్దన్న వస్తువు, చేతులు మారి లాంబ్టన్‌ను చేరింది. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక గొలుసును నీడలో ఉంచి, ఉష్ణోగ్రత రాసుకుంటూ కొలవాలి. ఒక్క రేఖ పొడవు ఇలా ఖచ్చితంగా తెలిస్తే, ఆ తరువాత కొండల మీద, గోపురాల మీద నిలబడి కోణాలు కొలుస్తూ త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ పోవచ్చు. కోణాలు కొలిచే థియొడొలైటు బరువు అర టన్ను. లండను నుంచి ఓడలో వస్తుండగా ఫ్రెంచివారు పట్టుకుని, తరువాత మర్యాదగా మద్రాసుకు పంపిన యంత్రం అది. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుండగా దెబ్బతింటే, లాంబ్టన్ దాన్ని తానే బాగుచేసుకున్నాడు.

1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు దగ్గర కొత్త ఆధార రేఖలు కొలిచి, త్రిభుజాల లెక్క నేల మీది కొలతతో సరిపోతుందో లేదో చూసుకున్నారు. గుత్తి అక్షాంశం 15.1 డిగ్రీలు. అంటే గుత్తి నుంచి ఉత్తరానికి కొలత సాగిన మొదటి డిగ్రీలోనే ఈపురుపాలెం అక్షాంశం కూడా ఉంది. అక్కడ ఒక డిగ్రీ పొడవు నేటి లెక్కలో 110.66 కి.మీ. ఫ్రాన్సులో 45 డిగ్రీల దగ్గర 111.13 కి.మీ., లాప్‌లాండులో 66 డిగ్రీల దగ్గర 111.5 కి.మీ. నారింజ రూపమంతా ఈ కొన్ని వందల మీటర్ల తేడాలో ఉంది. గొలుసుకు నీడ పట్టడం చాదస్తం కాదని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

1818లో లండను రాయల్ సొసైటీ పత్రికలో లాంబ్టన్ తన ఫలితాన్ని ప్రకటించాడు. కన్యాకుమారి సమీపంలోని పున్నై నుంచి బీదరు సమీపంలోని దామర్‌గిద దాకా, 9 డిగ్రీల 53 నిమిషాలకు పైబడిన రేఖ, దాదాపు 1,100 కి.మీ. 1823 జనవరిలో హింగన్‌ఘాట్ దగ్గర పనిలో ఉండగానే ఆయన మరణించాడు.

అడవి జ్వరం, లంబసూత్రం

1818లో హైదరాబాదులో లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరిన జార్జి ఎవరెస్ట్‌కు మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతం అప్పజెప్పారు. వానాకాలంలో గాలి తేటగా ఉండి దూరపు గుర్తులు బాగా కనిపిస్తాయి. జ్వరాలు ముసిరే కాలం కూడా అదే. గోదావరి వైపు అడవులలో ఎవరెస్ట్, ఆయన శిబిరం దాదాపు మొత్తంగా, సుమారు 150 మంది, జ్వరంతో పడిపోయారు. వారిని హైదరాబాదు చేర్చడానికి లాంబ్టన్ ఏనుగులను, పల్లకీలను పంపవలసి వచ్చింది. కొందరు తిరిగి రాలేదు. జెండాలు పట్టినవారు, యంత్రాలు మోసినవారు, అడ్డొచ్చిన చెట్లు నరికినవారు చాలామంది ఈ దేశపువారే. శిఖరానికి ఎవరెస్ట్ పేరు పెట్టారు. వీరి పేర్లు అంత సులువుగా దొరకవు. మీరు సర్వే చరిత్రలు చదివేటప్పుడు ఈ ఖాళీని గమనిస్తూ చదవండి.

ఆరోగ్యం కోసం 1820లో ఎవరెస్ట్‌ను దక్షిణాఫ్రికాలోని కేప్‌కు పంపారు. అక్కడ 1750ల తొలినాళ్లలో ఫ్రెంచి ఖగోళవేత్త లకాయ్ కొలిచిన రేఖ ఒకటి చాలాకాలంగా చిక్కుముడిగా ఉంది. దాని ప్రకారం భూమి దక్షిణార్ధం రూపం ఉత్తరార్ధం రూపంతో పొసగదు. ఎవరెస్ట్ ఆ చోట్లను వెళ్లి చూశాడు. పక్కనే కొండలున్నాయి. లకాయ్ అక్షాంశం కొలవడానికి వాడిన లంబసూత్రాన్ని, అంటే తాపీమేస్త్రి గోడకు పట్టే గుండుదారాన్ని, ఆ కొండలు తమవైపు లాగి ఉంటాయని ఆయన అనుమానించాడు. తరువాత 1840లలో మాక్లియర్ అక్కడ తిరిగి కొలిచి, ఆ అనుమానం సరైనదేనని చూపాడు.

తెలుగు అడవిలో పట్టిన జ్వరం ఇలా ఒక మేలు చేసింది. భూమి రూపాన్ని కొలిచే పరికరాన్ని ఆ భూమే పక్కకు లాగుతుందన్న ఎరుకతో ఎవరెస్ట్ తిరిగివచ్చాడు. 1830లో ఆయన ఇచ్చిన లెక్క ప్రకారం భూమధ్యరేఖ వ్యాసార్ధం 6,377.276 కి.మీ., ధ్రువ వ్యాసార్ధం 6,356.075 కి.మీ. అణిగిన పాలు 300.8లో ఒక వంతు. నేడు ఉపగ్రహాల కొలతలో ఇవి 6,378.137, 6,356.752 కి.మీ., 298.26లో ఒక వంతు. భారత సర్వే పటాలు దాదాపు రెండు శతాబ్దాలు ఎవరెస్ట్ అంకెల మీదే నడిచాయి. బాపట్ల, రేపల్లె ప్రాంతాల పాత సర్వే షీటు మీ ఊళ్లో ఎక్కడైనా దొరికితే, అందులోని అక్షాంశ రేఖాంశాలు ఆ అంకెల మీద గీసినవే.

చుట్టుకొలత ముందు 21 కి.మీ. తేడా చిన్నదే. భూమికన్నా వేగంగా తిరిగే, ఎక్కువ భాగం వాయువుతో నిండిన శనిగ్రహంలో ఈ తేడా పదో వంతుకు చేరుతుంది. చిన్న దుర్భిణిలో చూసినా శని అణిగి ఉన్నట్టు కనిపిస్తుంది. నాలుగు గంటలలోపే ఒక చుట్టు తిరిగే మరుగుజ్జు గ్రహం హౌమియా కోడిగుడ్డులా సాగిపోయింది. దాన్నీ రూపుదిద్దింది ఆకర్షణే. తిరుగుడు తోడైతే ఆకర్షణ ఇచ్చే రూపం బంతి కానక్కరలేదు.

హిమాలయం తక్కువ లాగింది

కథలో చివరి మలుపు ఉత్తరాదిలో వచ్చింది. హిమాలయాలకు దగ్గరగా ఉన్న కలియానాకూ, మధ్య భారతంలోని కలియాన్‌పూర్‌కూ మధ్య అక్షాంశాల తేడాను త్రిభుజాలతో లెక్కిస్తే ఒక అంకె, నక్షత్రాలతో కొలిస్తే మరో అంకె వచ్చాయి. వ్యత్యాసం 5.236 సెకన్లు. నేల మీద అది సుమారు 160 మీటర్లు. కలకత్తాలో క్రైస్తవ మతాధికారిగా ఉన్న గణితజ్ఞుడు ప్రాట్, హిమాలయం గుండుదారాన్ని ఎంత లాగాలో లెక్కగట్టాడు. 15 సెకన్లకు పైగా రావాలి. వచ్చింది దానిలో మూడో వంతే. కొండ ఉండవలసినంత బరువు లేదన్నమాట.

1855లో ఎయిరీ దీనికి చెప్పిన కారణం, నీటిలో తేలే మంచుగడ్డకు నీటి కింద ఎక్కువ భాగం ఉన్నట్టు, కొండకు కింద తేలికైన రాతి వేరు ఉంది, అది బరువైన లోపలి పొరలో మునిగి తేలుతోంది అని. కొండ కింద పదార్థమే తేలికై ఉండవచ్చని ప్రాట్ అన్నాడు. ఎవరి మాట తీసుకున్నా, భూమి లోపలి పొర దీర్ఘకాలంలో ద్రవంలా ప్రవర్తిస్తుందని ఒప్పుకోవలసి వస్తుంది. గ్రహం గుండ్రంగా మారడానికి ఏ గుణం కావాలో అదే గుణం ఇక్కడ బయటపడింది. న్యూటన్ నీటి బావులను ఊహించాడు. హిమాలయం దగ్గరి గుండుదారం రాయి కూడా ఆ నీటిలాగే తూకం చూసుకుంటుందని తెలిపింది. 1865 నుంచి బసెవీ ఈ దేశంలో పలుచోట్ల లోలకాలతో ఆకర్షణను కొలిచి, కొండల కింద బరువు తక్కువన్న సంగతిని గట్టిపరిచాడు. 1871లో లడఖ్ ఎత్తుల్లో పనిచేస్తూ మరణించాడు.

ఇంకా మిగిలిన వంకర

భూమి లోపలి పదార్థం అంతటా ఒకేలా లేదు కాబట్టి, సముద్ర మట్టం కూడా ఆ అణిగిన గోళాన్ని అచ్చంగా అనుసరించదు. ఆకర్షణ ఎక్కువున్నచోట నీరు పోగవుతుంది, తక్కువున్నచోట పల్లమవుతుంది. అలాంటి పల్లాలలో ప్రపంచంలోకెల్లా లోతైనది మనకు దక్షిణానే, శ్రీలంక దిగువన హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ సముద్ర మట్టం లెక్క ప్రకారం ఉండవలసిన దానికన్నా సుమారు 106 మీటర్లు కిందికి ఉంది. ఓడలో పోయేవారికి ఇది తెలియదు, ఎందుకంటే గుండుదారం కూడా ఆ నీటికి లంబంగానే వేలాడుతుంది. ఆ పల్లం అంచులు బంగాళాఖాతం మీదుగా మన తీరం దాకా వ్యాపించి ఉన్నాయి. 2023లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు, భూగర్భంలో లోతు నుంచి పైకి లేచే వేడి, తేలికైన పదార్థం దీనికి కారణమని కంప్యూటరు నమూనాలతో వాదించారు. ఆ వాదంపై చర్చ ఇంకా సాగుతోంది.